రాయవేలూరు దారిలో

మా రాయలసీమ పల్లెల్లో ఎవరికైనా జబ్బు ముదిరి, ఊరి వైద్యం, టౌను వైద్యం రెండూ అయిపోయాక, ఇంటి పెద్దవాళ్లు చివరికి ఒక మాట అంటారు: "ఇంక వేలూరికి పిల్చకపోండి." ఆ మాటలో సగం ఆశ ఉంటుంది, సగం భయం ఉంటుంది. ముసలివాళ్లయితే ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు. కోస్తా జిల్లాల వాళ్లు చాలామంది రేణిగుంట మీదుగా రైల్లో వచ్చి కాట్పాడి జంక్షనులో దిగుతారు. మావంటి మెట్ట ప్రాంతం వాళ్లు రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా బస్సులో పోతారు. చిత్తూరు దాటితే వేలూరు ఇంచుమించు 35 కిలోమీటర్లే. రాష్ట్రం మారుతుంది గాని కొండలు మారవు, గుట్టల మీద గుండ్రాళ్లు మారవు, టీ అంగట్లో తెలుగు కూడా వెంటనే ఆగిపోదు. కాట్పాడికీ వేలూరికీ నడుమ పాలారు వంతెన వస్తుంది. పేరుకు పాలారు, కంటికి ఇసుకారు.

2019 ఫిబ్రవరిలో మా పెద్దక్కను వెంటబెట్టుకొని నేను ఆ వంతెన దాటాను. అక్కకు అప్పటికి 54 ఏళ్లు. 2011లో చెనిక్కాయ పీకే కాలంలో తడి మూట ఎత్తబోతే నడుములో కలుక్కుమన్నదట. ఆ నొప్పి వారానికి పోలేదు, నెలకు పోలేదు, ఎనిమిదేళ్లకూ పోలేదు. ఒక్కొక్కనాడు తగ్గినట్టే ఉంటుంది, మరునాడు మంచం దిగనివ్వదు. పిండికట్టు వేయించింది, పట్టీలు వేయించింది, మందులషాపులో రంగురంగుల మాత్రలు ఎన్ని మింగిందో లెక్క లేదు. ప్రార్థన చేయించుకోని దైవసేవకుడు లేడు. చిత్తూరు బస్సులో కూర్చోలేక సగం దూరం కడ్డీ పట్టుకొని నిలబడే వచ్చింది.

వేలూరులో ఆసుపత్రి ముందరి వీధికి ఇడా స్కడ్డర్ రోడ్డు అని పేరు. ఆ వీధిలో ఒక్క గంట నిలబడితే సగం దేశం కనబడుతుంది. బెంగాలీలు, ఈశాన్య రాష్ట్రాల వాళ్లు, జార్ఖండ్ వాళ్లు, మన వాళ్లు, అందరి చేతుల్లో పెద్ద పెద్ద ఎక్స్‌రే కవర్లు. చుట్టుపక్కల సందుల్లో లాడ్జీలు. నెలల తరబడి ఉండే వాళ్ల కోసం కొన్నిచోట్ల గదితోపాటు స్టవ్వు, గిన్నెలు కూడా అద్దెకిస్తారు. సాయంత్రమైతే ఒక గదిలో చేపల కూర, పక్క గదిలో సాంబారు, మా గదిలో చింతపండు పులుసు. రోగం మనుషుల్ని కలిపినట్టు పండుగలు కూడా కలపవేమో అనిపించింది.

ఇడా స్కడ్డర్ దొరసాని కథ సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిందే. ఆమె 1870లో రాణిపేటలో పుట్టారు. యౌవనంలో తిండివనంలో ఉన్నప్పుడు, ఒక్క రాత్రే ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఆడ వైద్యురాలిని అడిగారు. మగ డాక్టరును ఇంట్లోకి రానిచ్చే ఆచారం వాళ్లకు లేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ తరువాత ఆమె అమెరికాలో వైద్యం చదివి, 1900లో తిరిగివచ్చి, ఒకే ఒక మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టారు. 1902 నాటికి 40 పడకల ఆసుపత్రి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల. 1960లో ఆమె కన్నుమూసే నాటికి వేలూరు పేరు ప్రపంచమంతా పాకింది. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ ఆసుపత్రి గొప్పతనం కాదు. నొప్పిని గురించి ఆ ఊరు మాకు నేర్పిన పాఠం.

అక్కతోపాటు ఇంటి దగ్గరనుండి ఒక వాక్యం కూడా బస్సెక్కి వచ్చింది. అయిదేళ్ల కిందట మా వైపు ఒక డాక్టరు ఫిల్ము వెలుతురుకు ఎత్తిపట్టి, అక్క ముఖం కూడా చూడకుండా, "పూసలు అరిగిపోయినాయి, బరువెత్తితే కాళ్లు పడిపోతాయి" అన్నాడు. అంతే. మాత్రల ప్రభావం ఆరు గంటలుంటుంది, ఆ మాట ప్రభావం అయిదేళ్లుంది. అక్క నీళ్ల బిందె మానేసింది. కసువు ఊడ్చడం మానేసింది. మనవడిని ఎత్తుకోవడానికి భయపడింది. చర్చిలో కింద కూర్చుంటే లేవలేనని ఆదివారం ఆరాధన మానేసింది. స్త్రీల మైత్రి కూటానికి పాటలు ఎత్తుకొనే మనిషి, ఇంట్లో గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది.

నాలుగు రోజులు పరీక్షలు జరిగాయి. చివరికి డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇది. ఆపరేషను చేయవలసిన జబ్బు ఏదీ లేదు. 54 ఏళ్ల వయసులో పూసలు కొంత అరగడం తల నెరవడం వంటిదే, అరిగిన వాళ్లలో చాలామందికి నొప్పే ఉండదు. మూడు నెలలు దాటి నిలిచిపోయిన నొప్పిని దీర్ఘకాలపు నొప్పి అంటారు. అందులో చాలాసార్లు గాయం మానిపోయి ఉంటుంది, కానీ నరాలూ మెదడూ కాపలా మానవు. అక్కకు ఈ మాట మొదట నచ్చలేదు. "అంటే నాకు నొప్పి లేదంటాండారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా నొప్పి పడే మనిషికి అంతకన్నా పెద్ద అవమానం ఇంకొకటి ఉండదు గదా.

వ్యాయామం నేర్పించే అమ్మాయి చిత్తూరు పక్క పిల్ల. అక్క పక్కన కూర్చొని తెలుగులో విడమరిచింది. "పెద్దమ్మా, నొప్పి నిజమే. మీ ఇంట్లో కుక్క ఉందా?" ఉందన్నది అక్క. "ఒకసారి దొంగ వచ్చినాడు. కుక్క మొరిగింది. మంచిదే. ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతాంది. మొరుగుడు అబద్ధమా? కాదు, చెవులు చిల్లులు పడుతుండాయి. కానీ ఇప్పుడు దొంగ లేడు." అక్క చాలాసేపు మాట్లాడలేదు. గదికి వచ్చాక, "ఆ పిల్ల చెప్పిన కుక్క మాట బాగుంది మ్మే" అన్నది.

ఆ ఆదివారం మాకు తెలిసిన ఒక నర్సమ్మ మమ్మల్ని కరిగిరికి తీసుకుపోయింది. కాట్పాడి తాలూకాలోని కుష్ఠువ్యాధి ఆసుపత్రి అది. కరి అంటే ఏనుగు, గిరి అంటే కొండ. 1955లో మొదలైనప్పుడు అది రాళ్లూ ఇసుకా తప్ప ఏమీ లేని బీడు. తరువాత అక్కడ పెద్దగా పనిచేసిన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్షి పట్టుబట్టి చెట్లు నాటించారు. మేము పోయిన రోజు ఆ చెట్ల నీడలో పిట్టల గోల తప్ప ఇంకొక శబ్దం లేదు. అక్క ఒక చెట్టు మొదట్లో అరుగు మీద మెల్లగా కూర్చుంది.

ఈ కరిగిరికీ, వేలూరికీ పేరు తెచ్చినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. మిషనెరీల బిడ్డ, 1914లో తమిళనాడు కొల్లిమలలో పుట్టారు. 1946లో వేలూరుకు వచ్చి, కుష్ఠువల్ల ముడుచుకుపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనిచేయించవచ్చని చూపించారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఆయన ఇక్కడ కనిపెట్టారు. కుష్ఠువ్యాధి ఉన్నవారి వేళ్లు వాటంతటవే రాలిపోవు. వ్యాధి నరాలను చంపితే నొప్పి తెలియదు, నొప్పి తెలియకపోవడం వల్ల వేళ్లు దెబ్బతింటాయి. ఒకసారి తుప్పు పట్టిన తాళం ఆయనకు రాకపోతే, బక్కగా ఉన్న ఒక పిల్లవాడు వచ్చి తాళంచెవి తిప్పేశాడు. ఇంత బలం ఎక్కడిదని చెయ్యి చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉంది. వాడికి తెలియనే లేదు. కొందరికి రాత్రి పడుకొని లేచేసరికి వేలిలో కొంత ముక్క మాయమయ్యేది. కాపలా ఉండి చూస్తే, ఎలుక కొరుకుతున్నా వాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. అప్పటినుండి ఇంటికి పోయే ప్రతి ఒక్కరికీ ఒక పిల్లిని ఇచ్చి పంపేవారట.

1966లో ఆయన అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ కొన్నేళ్లు శ్రమపడి, నొప్పి తెలియని చేతులకు కృత్రిమ నొప్పిని తయారుచేయాలని చూశారు. చేతి తొడుగులో యంత్రాలు పెట్టి, ఒత్తిడి ఎక్కువైతే మోత వచ్చేటట్టు చేశారు. ఎవరూ లెక్కచేయలేదు. కరెంటు షాకు పెట్టారు. పని అడ్డమైనప్పుడు దాన్ని ఆపేసుకొని పనిచేసుకున్నారు. చివరికి ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. దేవుడు మన చర్మంలో పెట్టినదాన్ని ఇంజనీర్లు చేయలేకపోయారు. నర్సమ్మ ఇదంతా చెబుతుంటే అక్క తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నేను ఎనిమిదేండ్లుగా తీసేయమని అడుగుతాండేది దీన్నేనా?" అన్నది. కాదు అక్కా, నువ్వు అడిగింది మొరగడం ఆపని కుక్కను గురించి అన్నాను. ఇద్దరమూ నవ్వాము.

పాల్ బ్రాండ్ గారి జీవితంలో ఇంకొక రాత్రి ఉంది. మా సంభాషణకు అది మరీ దగ్గర. అమెరికా ప్రయాణం ముగించుకొని ఇంగ్లండులో దిగి, చాలాసేపు రైల్లో కూర్చొని లండను చేరారు. బసలో మేజోడు తీస్తే మడమకు స్పర్శ లేదు. సూదితో గుచ్చుకున్నారు, తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకున్నారు. ఆ రాత్రంతా భార్యాబిడ్డలకు దూరంగా బ్రతకవలసిన జీవితాన్ని తలచుకుంటూ పడుకున్నారు. తెల్లవారి మళ్లీ సూది గుచ్చితే నొప్పితో కేక వేశారు. రైల్లో కదలకుండా కూర్చోవడంవల్ల నరం ఒత్తుకొని తిమ్మిరి ఎక్కిందంతే. సూది నొప్పికి అంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు. రాత్రికీ ఉదయానికీ మధ్య ఆయనకు కొత్త జబ్బు ఏదీ రాలేదు, పాత జబ్బు ఏదీ పోలేదు. ఆ రాత్రి ఆయన్ను పీడించింది మడమ కాదు, మడమను గురించిన తలంపు.

తలంపుకు ఇంత బలం ఉంటుందా అని అడిగేవారికి రెండు సంగతులు చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికా డాక్టరు, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర, ఘోరంగా గాయపడిన సైనికులను పరీక్షించారు. నలుగురిలో ఇంచుమించు ముగ్గురు నొప్పి మందు అక్కరలేదన్నారు. ఇళ్ల దగ్గర ఆపరేషను అయినవారు అంతకంటే చిన్న గాయానికే మందు అడిగేవారు. సైనికుడికి ఆ గాయం ప్రాణంతో ఇంటికి పోయే టికెట్టు. ఇంటి మనిషికి అదే కోత ఆపద. రెండోది 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 29 ఏళ్ల కట్టుబడి కూలీ ఒకడు 15 సెంటీమీటర్ల మేకు మీద దూకాడు. మేకు బూటులోనుండి పైకి వచ్చింది. కాలు ఏమాత్రం కదిలినా అరుస్తుంటే గట్టి మందులిచ్చి మత్తులో ఉంచవలసి వచ్చింది. బూటు విప్పి చూస్తే మేకు రెండు వేళ్ల సందులోనుండి పోయింది. గీత కూడా పడలేదు. వాడు నటించాడని నేను అనుకోను. వాడికి నొప్పి నిజంగానే పుట్టింది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నొప్పి అంతా మనసులోనే ఉంది, మంచి మాటలు అనుకుంటే పోతుంది అని చెప్పడం లేదు. అలా చెప్పేవారిని నమ్మవద్దు. నొప్పి ఒకటి, దాని వెంట మనసులో పరుగెత్తే మాట ఇంకొకటి. ఆ మాటను విన్న వెంటనే నమ్మకుండా, కూర్చోబెట్టి ప్రశ్నలడగవచ్చు. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే డాక్టరు మనోవేదనతో ఉన్నవారికి ఈ పద్ధతి మొదలుపెట్టారు. తరువాతివారు దాన్ని దీర్ఘకాలపు నొప్పికి కూడా తెచ్చారు. మందు స్థానంలో కాదు, వ్యాయామంతోపాటు.

చిత్తూరు అమ్మాయి ఒక నోటుపుస్తకం కొనమన్నది. ఎడమ పక్క, నొప్పి ఎక్కువైనప్పుడు మనసులో వచ్చిన మాట. కుడి పక్క, ఆ మాటకు అడిగిన ప్రశ్న, దొరికిన జవాబు. లాడ్జి వరండాలో సాయంత్రాలు అక్క చెబితే నేను రాశాను. "నువ్వే రాయి మ్మే, నా అచ్చరాలు కోడి గీకినట్టుంటాయి" అన్నది.

మొదటి రోజు ఎడమ పక్క రాయించింది: బిందె ఎత్తితే కాళ్లు పడిపోతాయి.

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"డాక్టరు."

"ఈడి డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"పడిపోవు, మెల్లగా అలవాటు చేసుకో అన్నది."

"అయిదేండ్లలో ఎప్పుడన్నా పడిపోయినాయా?"

"బరువే ఎత్తలేదు కదా, యాడ పడిపోతాయి?"

నేను ఊరుకున్నాను. కాసేపటికి అక్కే అన్నది: "క్రిస్మస్ నాడు చిన్నోడు గడప తట్టుకొని పడితే గభాల్న ఎత్తుకున్యా."

"వాడెంత బరువు?"

అక్క మనసులో లెక్క వేసుకుంది. మూడేళ్ల పిల్లవాడు, తిండి బాగా తింటాడు. "పన్నెండు కిలోలు ఉంటాడేమో." తరువాత, "బిందె కూడా అంతే ఉంటాది" అన్నది. ఆ తరువాత చాలాసేపు నవ్వింది. కుడి పక్క నేను రాసింది ఒక్కటే ముక్క: చిన్నోడు, పన్నెండు కిలోలు. అంతమాత్రాన మరునాడే బిందె ఎత్తలేదు సుమా. అమ్మాయి చెప్పినట్టు చెంబుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుకుంటూ పోవాలి.

అమ్మాయి మాకు మూడు చిన్న మాటలను పట్టుకోమని చెప్పింది: "ఎప్పుడూ", "అంతా", "ఇంక". నొప్పి మాట్లాడేటప్పుడు ఈ మూడూ లేకుండా మాట్లాడదట. మరునాడు పొద్దున అక్క "రాత్రంతా నిద్ర లేదు" అనగానే నేను వేలు చూపించాను. లెక్క వేస్తే పదకొండుకు పడుకుంది, రెండున్నరకు లేచింది, ఆసుపత్రి గంట కొట్టిందని చెప్పింది, మళ్లీ పాలవాడి సైకిలు గంటకు మెలకువ వచ్చింది. నడుమ నిద్ర లేనిది గంటన్నర. గంటన్నర తక్కువేమీ కాదు. నొప్పితో గంటన్నర చాలా పొడుగు. కానీ అది రాత్రంతా కాదు. "ఇంక నేను ఎందుకూ పనికిరాను" అన్న మాటకు, ఆ ఉదయమే పక్క గదిలోని బెంగాలీ తల్లి బిడ్డకు జ్వరమొస్తే ఎవరు తడిగుడ్డ వేశారని అడిగాను. అక్క జవాబు చెప్పలేదు, ముక్కు చీదింది.

అయిదో రోజు వచ్చిన మాటకు మాత్రం నా దగ్గర ప్రశ్న లేదు. అక్క గొంతు తగ్గించి, "ఇది దేవుడు నా మీద చెయ్యెత్తినందుకు వచ్చింది" అన్నది. మా అమ్మ 2011లో చనిపోయినప్పుడు అక్క దగ్గర లేదు. చేను పీకేది ఆగిపోతుందని నాలుగు రోజుల ముందు తన ఊరికి వెళ్లిపోయింది. అమ్మ పోయిన రెండో వారంలో ఆ మూట ఎత్తింది. "ఆయన చూసి ఊరుకుంటాడా?" అన్నది. ఎనిమిదేళ్లు నొప్పికి మాత్రలు వేశాము గాని, దాని కింద ఈ మాట ఉన్నదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ తలంపు మన సంఘాల్లో కొత్తది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు మంచివారే, నోరు తెరిచాకే పాడుచేశారు. పుట్టు గుడ్డివాడిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. అయినా మనం పరామర్శకు పోయి మంచం పక్కన కూర్చొని, "ఏదన్నా ఒప్పుకోవలసింది ఉందేమో చూసుకో తల్లీ" అని వచ్చేస్తాము. విశ్వాసం చాలలేదని ఇంకొకరు. కొరడా దెబ్బ కన్నా అది తక్కువ కాదని నా అభిప్రాయం. 42, 43 కీర్తనలు తీసి చూడండి. ఆ కీర్తనకారుడు తన ప్రాణాన్ని తానే ఎదురుగా నిలబెట్టుకొని ఎందుకు ఇలా కుంగావని మూడుసార్లు అడుగుతాడు. తలంపును ప్రశ్నించడం అవిశ్వాసమేమో అని సందేహపడేవారు ఆ రెండూ చదవవచ్చు.

అక్కను నేను ఒక్కటే అడిగాను: "మీ స్త్రీల మైత్రిలో ఎవరన్నా వచ్చి నీతో ఇదే మాట చెబితే, ఏమంటావు?"

"నోర్మూసుకోమంటా. పంట ఇడిసిపెట్టి ఎట్లుంటారు అంటా."

"మరి?"

"అది వేరే మనిషి గదమ్మే" అన్నది. తరువాత, "దీన్ని రాయొద్దు" అన్నది. ఎడమ పక్క నేను రాయలేదు. ఆ పేజీ ఖాళీగా వదిలాను.

ఊరికి బయలుదేరే ముందురోజు బాగాయం వెళ్లాము. వేలూరు వైద్య కళాశాల అక్కడే ఉంది, వెన్నెముక దెబ్బతిన్నవారి పునరావాస కేంద్రమూ అక్కడే. 1966లో దాన్ని ఆరంభించినవారు డాక్టర్ మేరీ వర్గీస్. కొచ్చిలో పుట్టిన మలయాళీ, ఇదే కళాశాలలో చదివిన డాక్టరు. 1954లో స్నేహితులతో విహారానికి పోతుంటే బండి బోల్తాపడి, నడుము కింద చచ్చుబడిపోయింది. డాక్టరుగా తన పని ముగిసిపోయిందనే అనుకున్నారు. ఆ తలంపును ప్రశ్నించినవారు పాల్ బ్రాండ్. కాళ్లు పోయాయి నిజమే, చేతులు పోలేదు గదా, చేతుల ఆపరేషను కూర్చొని చేయవచ్చు గదా అన్నారు. చక్రాల కుర్చీలో కూర్చొని ఆమె కుష్ఠు బాధితుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో మరణించారు. ఆమె కాళ్లు చివరిదాకా రాలేదు. అక్క అక్కడ చక్రాల కుర్చీల్లో బంతాట ఆడుతున్న కుర్రవాళ్లను గోడ పక్కన నిలబడి చూసింది. గంట దాకా కూర్చోవాలని అడగలేదు. నేను గుర్తు చేయలేదు.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిత్తూరు దాకా సీటు దొరికింది, పీలేరులో వాన.

ఈ ప్రయాణం చదివి ఎవరైనా నడుము నొప్పిని నోటుపుస్తకంతోనే సరిపెట్టుకుంటారేమోనని భయంగా ఉంది, కాబట్టి ఇది చెప్పాలి. కొత్తగా వచ్చిన నొప్పితో జ్వరం ఉన్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా, మలమూత్రాలు అదుపు తప్పినా, కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా, ముందు డాక్టరు దగ్గరికి పోవాలి, అదీ ఆలస్యం చేయకుండా. ప్రశ్నలు ఆ తరువాత. మందులషాపు మాత్రలు ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలు, కడుపు చెడతాయని అక్కకు వేలూరులో గట్టిగా చెప్పారు. మెల్లమెల్లగా మానిపించారు.

అక్కకు నొప్పి పోలేదు. ఇప్పటికీ చలికాలంలో, పెళ్లిళ్ల మరునాడు పట్టేస్తుంది. అప్పుడు "వచ్చినాడు కుక్కగాడు" అంటుంది. ఇంటి బోరింగు నుండి చర్చి దాకా నడక మొదట రెండుసార్లు ఆగి వెళ్లేది, ఆరు నెలలకు ఆగకుండా వెళ్లింది. పాస్టరయ్య గారు వెనక వరుసలో నాలుగు కుర్చీలు వేయించారు, అక్క వచ్చాక ఇంకా ముగ్గురు పెద్దమ్మలు ఆరాధనకు రావడం మొదలుపెట్టారు. బిందె ఎత్తుతుంది, నిండు బిందె కాదు, ముప్పాతిక.

ఆ నోటుపుస్తకం పోయిన క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు అలమరలో కనబడింది. కొన్ని పేజీలు నా చేతివ్రాత, తరువాత అక్కది, కోడి గీకినట్టే. నేను ఖాళీగా వదిలిన పేజీలో ఎడమ పక్క ఇప్పుడు కూడా ఏమీ లేదు. కుడి పక్క మాత్రం ఒక వాక్యం ఉంది: "చేను ఎండిపోతాది, నువ్వు పో అని అమ్మే చెప్పింది." ఏ రోజు గుర్తుకొచ్చి రాసుకుందో తేదీ వేయలేదు. దాని వెనక పేజీనుండి పాల లెక్క మొదలవుతుంది.